టీఎస్‌హెచ్ నార్మల్, కార్టిసాల్ నార్మల్ అంటున్నారు. అమ్మ మాత్రం మంచం దిగడం లేదు

మల్లెతీగ
జూన్ 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మ గురించి అడగాలి. వయసు 43. నల్గొండ జిల్లాలో మా ఊళ్లోనే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మకు నీరసమే. మే నెల ఎండల్లో కూడా దుప్పటి కప్పుకుంటుంది. బీపీ ఎప్పుడు చూసినా 90/60. రక్తం తక్కువ ఉందని ఐరన్ మాత్రలు, బలానికని ఇంజెక్షన్లు, ఇలా ఏళ్లుగా నడుస్తోంది. జనవరిలో రెండు రోజులు విరేచనాలు అయ్యాయి. మూడో రోజుకు మాట తడబడి, మత్తుగా పడిపోయింది. ఆస్పత్రిలో సోడియం 118కి పడిపోయిందన్నారు. సెలైన్ ఎక్కించి, ఉప్పు ఎక్కువ తినమని చెప్పి పంపించారు. పోయిన వారం జ్వరం వచ్చి మళ్లీ అలాగే అయింది. ఈసారి సోడియం 121, షుగర్ 58.

ఆస్పత్రిలో ఉన్న రెండో రోజు హార్మోన్ టెస్టులు రెండు చేశారు. థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ 2.1, కార్టిసాల్ 4.2. రెండూ రిపోర్టులో ఇచ్చిన హద్దుల్లోనే ఉన్నాయి. "శరీరంలో ఏమీ లేదు, మనసుకు సంబంధించింది కావచ్చు" అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ నన్ను ఒకటే అడిగింది, "నేను కావాలని పడుకుంటున్నానా బిడ్డా?" అని. ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంకేం టెస్టులు చేయించాలో తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు
జూన్ 9, రాత్రి 10:40

చెల్లెమ్మా, కార్టిసాల్‌కు రక్తం ఎన్ని గంటలకు తీశారు? రిపోర్టు పైభాగంలో శాంపిల్ తీసిన టైం ఉంటుంది, చూసి చెప్పు.

నేను పిట్యూటరీ కణితికి ముక్కులోంచి ఆపరేషన్ చేయించుకున్నవాడిని. తొమ్మిదేళ్లుగా రోజూ కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకుంటున్నాను. నువ్వు రాసింది చదువుతుంటే ఆపరేషన్‌కు ముందు నా పరిస్థితే గుర్తొచ్చింది.

మల్లెతీగ
జూన్ 9, రాత్రి 10:48

సాయంత్రం 4:35 అని ఉంది అన్నా.

ల్యాబ్‌మాస్టారు
జూన్ 9, రాత్రి 11:15

ఇరవై రెండేళ్లుగా ల్యాబ్‌లోనే ఉన్నాను కాబట్టి ఈ విషయం కొంచెం వివరంగా చెప్తాను.

కార్టిసాల్ అంటే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోన్, జబ్బు చేసినప్పుడు శరీరాన్ని నిలబెట్టేది. అది రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున పెరగడం మొదలై, నిద్ర లేచే వేళకు బాగా ఎక్కువగా ఉంటుంది. తర్వాత తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. అందుకే శరీరానికి కార్టిసాల్ సరిపోతోందా లేదా అని చూడాలంటే ఉదయం 8, 9 గంటల మధ్య తీయాలి. రిపోర్టుల్లో ఉదయానికి ఒక హద్దు, సాయంత్రానికి ఇంకో హద్దు వేస్తాం. సాయంత్రం 4.2 వస్తే మెషీన్ దాన్ని నార్మల్ కింద వదిలేస్తుంది. ఆ సమయానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ అంతే రావచ్చు, జబ్బు ఉన్నవాళ్లకూ అంతే రావచ్చు. ఆ అంకెను పట్టుకుని ఎవరికీ భరోసా ఇవ్వకూడదు.

ఇంకో రెండు ప్రశ్నలు. ఆస్పత్రిలో గానీ, ఊళ్లో గానీ అమ్మగారికి డెక్సా, బెట్నెసాల్ లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏదైనా ఇచ్చారా? జుట్టు కోసం ఏమైనా మాత్రలు వాడుతున్నారా?

వైద్యమిత్ర
జూన్ 10, ఉదయం 6:20

నేను జిల్లాలో పనిచేసే ఫిజీషియన్‌ని. మాస్టారు చెప్పింది నిజం. దానికి ఒకటి కలుపుతాను, అది ఇంకా ముఖ్యం.

అమ్మగారు ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న మనిషి కాదు. జ్వరం, సోడియం 121, షుగర్ 58. అంత కష్టంలో ఉన్న శరీరం వేళతో సంబంధం లేకుండా కార్టిసాల్‌ను ధారగా వదలాలి. మామూలు మనిషికైతే ఆ స్థితిలో 18, 20, ఇంకా పైకి వెళ్లాలి. అలాంటప్పుడు 4.2 వచ్చిందంటే దాన్ని నార్మల్ అనకూడదు. నేనైతే ఆ అంకె చూసి కంగారు పడేవాడిని.

టీఎస్‌హెచ్ సంగతి కూడా అంతే. టీఎస్‌హెచ్ థైరాయిడ్ నుంచి రాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ నుంచి వస్తుంది. బడి పుస్తకాల్లో పీయూష గ్రంథి అని చదువుకుని ఉంటారు. థైరాయిడ్ చెడిపోతే పిట్యూటరీ గట్టిగా కేకలు వేస్తుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. పిట్యూటరీయే చెడిపోతే కేక వేసేవాళ్లే ఉండరు. టీఎస్‌హెచ్ 2.1 చూపిస్తుంది, థైరాయిడ్ హార్మోన్ మాత్రం అడుగున ఉంటుంది. ఆ థైరాయిడ్ హార్మోన్‌ను, అంటే ఫ్రీ టీ4ను, చూడకుండా థైరాయిడ్ బాగుందని చెప్పలేం.

ఇప్పుడు అమ్మగారిని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కూతురిగా మీరే నెమ్మదిగా అడగండి. ఆఖరి కాన్పు ఎలా జరిగింది? నెత్తురు బాగా పోయిందా? తర్వాత పాలు పడ్డాయా? ముట్టు మళ్లీ మొదలైందా? చంకల్లో వెంట్రుకలు ఉన్నాయా?

మల్లెతీగ
జూన్ 10, రాత్రి 9:55

ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి ఊరొచ్చాను. ఫోన్‌లో అడిగే ప్రశ్నలు కావనిపించింది.

తమ్ముడు పుట్టి 17 ఏళ్లు. ఇంట్లోనే కాన్పు. మాయ పడలేదట. మంత్రసాని చేతనైనంత చూసి, ఆ తర్వాత ట్రాక్టర్‌లో టౌన్‌కు తీసుకెళ్లారట. దారిలోనే స్పృహ పోయింది. ఆస్పత్రిలో రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఇదంతా నాకు ఇప్పటిదాకా తెలియదు. అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నాను.

పాలు ఒక్క చుక్క పడలేదు. తమ్ముడు డబ్బా పాలతోనే పెరిగాడు. బాలింతకు పాలు పడలేదంటే పథ్యం సరిగా చేయలేదని నానమ్మ నెలల తరబడి అన్నదట. ముట్టు మళ్లీ రాలేదు. అమ్మ అప్పుడు 26 ఏళ్ల మనిషి. "రక్తమంతా పోయింది కదా, ఇక ముట్టుకు ఏం మిగిలింది అనుకున్నా" అంది. చంకల్లో వెంట్రుకలు కూడా లేవు. ఈ మాట చెప్పడానికి చాలాసేపు తటపటాయించింది.

17 ఏళ్లలో ఎంతమంది డాక్టర్లకు చూపించామో లెక్క లేదు. ఆ కాన్పు గురించి ఒక్కరూ అడగలేదు.

మాస్టారూ, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఏవీ ఇవ్వలేదని డిశ్చార్జ్ కాగితాల్లో చూశాను. జుట్టు మాత్రలు మాత్రం నేనే కొనిచ్చాను. జుట్టు బాగా రాలుతోందని. అందులో బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాములు ఉంది.

వైద్యమిత్ర
జూన్ 10, రాత్రి 10:30

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇది షీహాన్ సిండ్రోమ్ కావడానికి చాలా అవకాశం ఉంది. హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటన్ పాథాలజిస్టు 1937లో దీన్ని వివరించాడు. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ ఉబ్బి పెద్దదవుతుంది. దానికి వెళ్లే రక్తం మాత్రం ఆ మేరకు పెరగదు. అలాంటి సమయంలో కాన్పులో ఒక్కసారిగా నెత్తురు పోయి బీపీ పడిపోతే, గ్రంథికి రక్తం అందక చాలా భాగం చచ్చిపోతుంది. పాలు రావడానికి కావాల్సిన ప్రొలాక్టిన్, ముట్టును నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్, కార్టిసాల్‌ను పుట్టించే ఏసీటీహెచ్ అన్నీ ఆ శనగగింజంత గ్రంథి నుంచే రావాలి. మొదటి గుర్తు పాలు పడకపోవడమే. ఇంటి కాన్పులు ఎక్కువగా జరిగిన మన పల్లెల్లో ఈ జబ్బుతో ఏళ్ల తరబడి నీరసం మనుషులుగా పేరుపడ్డ తల్లులు ఉన్నారు. మీ నానమ్మ మాటను మనసులో పెట్టుకోవద్దని అమ్మగారికి చెప్పండి. పథ్యానికీ దీనికీ సంబంధం లేదు.

ఖాయం చేయాల్సింది రక్త పరీక్షలే. ఉదయం 8 గంటలకు కార్టిసాల్, దానితోపాటే ఏసీటీహెచ్. ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ కలిపి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎదుగుదల హార్మోన్ సంగతి చెప్పే ఐజీఎఫ్-1. సోడియం, పొటాషియం. ఆ తర్వాత పిట్యూటరీ ఎమ్మారై.

ఈలోగా మళ్లీ వాంతులు గానీ, మత్తు గానీ వస్తే టెస్టుల కోసం ఆగకండి. ఆస్పత్రికి వెళ్లి "అడ్రినల్ క్రైసిస్ అనుమానం" అని ఈ పదాలతోనే చెప్పండి, అంటే కార్టిసాల్ అందక ప్రాణం మీదికి వచ్చిన స్థితి. ఒక గొట్టం రక్తం తీసి పక్కన పెట్టి, వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇవ్వాలి. రిపోర్టు తర్వాత చూసుకోవచ్చు.

ల్యాబ్‌మాస్టారు
జూన్ 10, రాత్రి 11:05

జుట్టు మాత్రలు ఈ రాత్రి నుంచే ఆపించమ్మా. కనీసం మూడు రోజులు ఆగి రక్తం ఇవ్వండి. చాలా మెషీన్లలో హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే గాలంలా వాడతారు. రక్తంలో బయోటిన్ ఎక్కువైతే ఆ లెక్క చెడుతుంది. అలాంటి మెషీన్‌లో టీఎస్‌హెచ్, ఏసీటీహెచ్, ప్రొలాక్టిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. కార్టిసాల్, ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అమ్మగారి 4.2 కూడా అసలు ఇంకా తక్కువే అయి ఉండవచ్చు.

ఏసీటీహెచ్ సంగతి మరీ జాగ్రత్త. అది రక్తంలోంచి బయటికి రాగానే విరిగిపోవడం మొదలవుతుంది. ఊదా మూత గొట్టంలో తీసి, ఐసులో పెట్టి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేయాలి. మీ ఊరి కలెక్షన్ సెంటర్‌లో ఇస్తే గొట్టం మధ్యాహ్నం దాకా టేబుల్ మీద ఉండి, బైక్ మీద టౌన్‌కు, అక్కడి నుంచి బస్సులో హైదరాబాద్‌కు వెళ్తుంది. అంత ప్రయాణం చేసిన ఏసీటీహెచ్ తక్కువ వచ్చినా నమ్మలేం. మెషీన్ ఉన్న చోటికే మనిషిని తీసుకెళ్లండి. "ఐసు ఉందా?" అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ముందు రోజు రాత్రే హైదరాబాద్ వచ్చి మీ రూమ్‌లో నిద్రపోవడం మంచిది. తెల్లవారి మూడింటికి లేచి బస్సులో పడివస్తే ఆ అలసట కూడా అంకెలో కలుస్తుంది.

పాలమూరు_పిల్ల
జూన్ 11, ఉదయం 7:50

మల్లెతీగక్కా, అమ్మ బాగవుతుంది. ధైర్యంగా ఉండు.

ప్రొలాక్టిన్ గురించి నా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పోయినేడు నాకు ముట్టు తప్పి ప్రొలాక్టిన్ చేయిస్తే 78 వచ్చింది. మెదడులో కణితి ఉందేమో, ఎమ్మారై చేయించమన్నారు. ఇంట్లో అందరం రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత ఒక హార్మోన్ల డాక్టరమ్మ నా మందుల సంచి మొత్తం టేబుల్ మీద పోయమంది. అందులో నేను నాలుగు నెలలుగా పొద్దున్నే వేసుకుంటున్న గ్యాస్ మాత్ర ఉంది. దాంట్లో డోంపెరిడోన్ కలిసి ఉంటుందట, అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుందట. ఆ మాత్ర ఆపి పది రోజుల తర్వాత చూస్తే 14. ఎమ్మారై అవసరమే పడలేదు.

వైద్యమిత్ర
జూన్ 11, ఉదయం 8:30

మంచి విషయం గుర్తుచేశారు. లెవోసల్పిరైడ్ కలిసిన గ్యాస్ మాత్రలు, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక జబ్బులకు వాడే రిస్పెరిడోన్ కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. మానసిక జబ్బుల మందులు మాత్రం ఎవరూ సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌నే అడగండి. థైరాయిడ్ బాగా తక్కువైనా, గర్భం వచ్చినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. సూది భయం కూడా కొంత పెంచుతుంది. కొంచెమే ఎక్కువ వస్తే కాసేపు ప్రశాంతంగా కూర్చోబెట్టి మళ్లీ తీయించడం మేలు.

మల్లెతీగ అమ్మగారి విషయంలో మనం చూసేది దీనికి తిరగేసి, ప్రొలాక్టిన్ మరీ తక్కువ ఉందా అని.

సహజజీవి
జూన్ 11, మధ్యాహ్నం 1:10

అందరికీ మంచి ఉద్దేశంతోనే చెప్తున్నాను. ఇన్ని సూదులు అవసరమా? నేను రెండేళ్లు ఇలాంటి నీరసంతోనే బాధపడ్డాను. ఆన్‌లైన్‌లో లాలాజలం కిట్ తెప్పించుకుంటే అడ్రినల్ ఫెటీగ్ అని వచ్చింది. మూలికల పొడి, నిద్ర వేళలు మార్చుకోవడంతో తేలికపడ్డాను. అమ్మగారికి కూడా ముందు అది ప్రయత్నించవచ్చు కదా.

వైద్యమిత్ర
జూన్ 11, మధ్యాహ్నం 2:45

మీరు తేలికపడ్డారంటే నిజంగా సంతోషం. నిద్ర సరిచేసుకోవడం ఎవరికైనా మంచిదే. అయితే అడ్రినల్ ఫెటీగ్ అనే జబ్బు వైద్యంలో లేదు. అడ్రినల్ గ్రంథులు అలసిపోయి సగం పనిచేయడం అనేది ఎక్కడా రుజువు కాలేదు. లాలాజలంలో కార్టిసాల్ చూసే పరీక్ష ఉంది గానీ, అది అర్ధరాత్రి వేళ తీసి, కార్టిసాల్ మరీ ఎక్కువయ్యే కుషింగ్స్ జబ్బును పట్టుకోవడానికి. అమ్మగారిది సోడియం 118 దాకా పడిన కేసు. ఇక్కడ ఒక్క వారం ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి ఆమెకు ఈ సలహా వద్దు.

సహజజీవి
జూన్ 11, మధ్యాహ్నం 3:20

అర్థమైంది డాక్టర్ గారూ. సోడియం సంగతి నేను సరిగా చదవలేదు. మల్లెతీగ గారూ, ముందు ఆస్పత్రికే వెళ్లండి.

సిక్కోలు_చిన్నోడు
జూన్ 11, రాత్రి 9:30

నేను ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించాను. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారా అని మాస్టారు అడిగారు కదా, అది చూసి రాస్తున్నాను.

మా నాన్నకు 61. మోకాళ్ల నొప్పులు. మా దగ్గర ఒకాయన చిన్న కాగితం పొట్లాల్లో మాత్రలు కట్టి ఇచ్చేవాడు, పేరు ఉండదు. వేసుకుంటే మంత్రం వేసినట్టు నొప్పి పోయేది. మూడేళ్లు వేసుకున్నాడు. మొహం గుండ్రంగా అయింది, అందరూ ఒళ్లు చేశాడు అన్నారు. చెయ్యి ఎక్కడ తగిలినా నల్లగా కమిలిపోయేది. షుగర్ వచ్చింది. నేనే ఇంటికెళ్లినప్పుడు ఆ పొట్లాలు చూసి కోపంతో చెత్తలో పారేశాను. నాలుగో రోజుకు నాన్న లేవలేకపోయాడు. వాంతులు, బీపీ 70. విశాఖ తీసుకెళ్తే ఉదయం కార్టిసాల్ 0.8 వచ్చింది. ఆ పొట్లాల్లో ఉన్నది డెక్సామెథాసోన్ అని తేలింది. బయటి నుంచి స్టెరాయిడ్ పోస్తూ ఉంటే లోపలి అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయట. నేను ఒక్కసారిగా ఆపించేశాను.

ఇప్పుడు బాగానే ఉన్నాడు. హైడ్రోకార్టిసోన్ నెమ్మదిగా తగ్గిస్తున్నారు. ఏడాదిన్నర అయింది, ఇంకా పూర్తిగా ఆగలేదు. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి మాత్రలు ఉంటే పారేయకండి. పొట్లంతో సహా మనిషిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

గోదారిగట్టు
జూన్ 11, రాత్రి 9:52

తమ్ముడూ, నీకు తెలియక చేశావు. నాన్నను కాపాడుకున్నది కూడా నువ్వే. అది మర్చిపోకు.

వైద్యమిత్ర
జూన్ 11, రాత్రి 10:10

టెస్టు చేయించేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇందులో ఒకటి ఉంది. డెక్సామెథాసోన్ కార్టిసాల్ మెషీన్‌కు కనబడదు, అందుకే ఆయనకు 0.8 వచ్చింది. ప్రెడ్నిసొలోన్ మాత్రం చాలా మెషీన్లకు కార్టిసాల్ లాగానే కనబడుతుంది, అంకె దొంగగా పెరుగుతుంది. తెల్లబడటానికని మొహానికి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు, ఆస్తమా ఇన్‌హేలర్లు, మోకాలిలో వేసిన ఇంజెక్షన్లు అన్నీ చెప్పాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా చెప్పాలి. వాటివల్ల రక్తంలో కార్టిసాల్‌ను మోసే ప్రొటీన్ పెరిగి, అంకె ఎక్కువ చూపిస్తుంది.

లీడ్స్‌లో_తెలుగమ్మాయి
జూన్ 12, తెల్లవారుజామున 2:40

యూకే నుంచి చిన్న మాట. మా అత్తయ్య ఇండియా రిపోర్టు పట్టుకుని ఇక్కడికి వచ్చారు. ఉదయం కార్టిసాల్ 9.6. ఇక్కడ వందల్లో అంకెలు చూసి అలవాటైన నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇక్కడ నానోమోల్స్‌లో రాస్తారు, అక్కడ మైక్రోగ్రాముల్లో రాస్తారు. 27.6తో గుణిస్తే అత్తయ్యది 265. అది మరీ తక్కువా కాదు, నిశ్చింతగా ఉండేంత ఎక్కువా కాదు. అందుకని సినాక్థెన్ టెస్టు చేశారు. ఒక సూది ఇచ్చి అరగంటకు, గంటకు మళ్లీ రక్తం తీశారు. బాగా పెరిగింది, జబ్బు లేదన్నారు. విదేశాల్లో ఉన్నవాళ్లు అంకె పక్కన యూనిట్ తప్పకుండా చూడండి.

వైద్యమిత్ర
జూన్ 12, ఉదయం 6:45

సరిగ్గా చెప్పారు. మన మైక్రోగ్రాముల లెక్కలో ఉదయం కార్టిసాల్ 3 కంటే తక్కువైతే దాదాపు జబ్బు ఉన్నట్టే. 15, 18 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉన్నవాళ్లకే ఈ సూది టెస్టు. మన దగ్గర సినాక్థెన్ దొరకడం కష్టం. అందుకే చాలాచోట్ల యాక్టన్ ప్రొలాంగేటమ్ అనే ఇంజెక్షన్‌తో చేస్తారు. అదీ ఏసీటీహెచ్ మందే.

మల్లెతీగ
జూన్ 15, సాయంత్రం 6:30

నిన్న రాత్రి అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చాను. ఈ ఉదయం 8:10కి రక్తం ఇచ్చాం. ఐసు ఉందా అని అడిగాను మాస్టారూ, ఉంది. జుట్టు మాత్రలు ఆపి ఐదు రోజులైంది.

కొన్ని రిపోర్టులు ఇప్పుడే ఫోన్‌కు వచ్చాయి. ఫ్రీ టీ4 0.42 (హద్దు 0.8 నుంచి). టీఎస్‌హెచ్ 2.4. కార్టిసాల్, ఏసీటీహెచ్ రేపు వస్తాయట. ఫ్రీ టీ4 చూసి మా వీధి చివర క్లినిక్‌లో అడిగితే, థైరాయిడ్ చాలా తక్కువ ఉంది, రేపు పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ 100 మొదలుపెట్టమని రాసిచ్చారు. మాత్రలు కొనేశాను. మొదలుపెట్టనా?

వైద్యమిత్ర
జూన్ 15, సాయంత్రం 6:41

వద్దు. కార్టిసాల్ రిపోర్టు వచ్చేదాకా ఒక్క మాత్ర కూడా వద్దు.

థైరాక్సిన్ వేస్తే శరీరం వేగం పెరుగుతుంది, ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చైపోతుంది. అసలే లేనివాళ్లకు అలా వేస్తే క్రైసిస్‌లోకి వెళ్లిపోతారు. ముందు హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాక్సిన్. పిట్యూటరీ కేసుల్లో ఈ వరస తప్పకూడదు.

రేపు నిమ్స్‌లో గానీ ఉస్మానియాలో గానీ ఎండోక్రైనాలజీ (హార్మోన్ల విభాగం) ఓపీకి వెళ్లండి. ఈ కాగితాలన్నీ, కాన్పు వివరాలు ఒక పేజీలో రాసి పట్టుకెళ్లండి.

గోదారిగట్టు
జూన్ 15, సాయంత్రం 6:44

చెల్లెమ్మా, డాక్టర్ గారు చెప్పింది చూశావా? చూశానని ఒక్క మాట రాయి.

మల్లెతీగ
జూన్ 15, సాయంత్రం 6:58

చూశానన్నా. మాత్రలు నా ఆఫీసు బ్యాగులో పెట్టేశాను. అమ్మ పొరపాటున కూడా వేసుకోదు.

మల్లెతీగ
జూన్ 16, రాత్రి 8:15

మిగతా రిపోర్టులు: ఉదయం కార్టిసాల్ 1.9. ఏసీటీహెచ్ 11, అది మాత్రం హద్దుల్లోనే ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్ 3.1, ఎల్‌హెచ్ 1.2. ప్రొలాక్టిన్ 1.8. ఐజీఎఫ్-1 బాగా తక్కువ. సోడియం 129, పొటాషియం 4.3.

ఆస్పత్రిలో అమ్మను కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. కాన్పు గురించి అమ్మే చెప్పింది, ఈసారి తడబడలేదు. రిపోర్టు చూసిన పది నిమిషాల్లో హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టారు. ఉదయం లేవగానే 10, మధ్యాహ్నం 5. వారం తర్వాత థైరాక్సిన్ కొద్దికొద్దిగా. ఎమ్మారై ఎల్లుండి.

ఏసీటీహెచ్ నార్మల్ కదా, మరి పిట్యూటరీ పాడైందని ఎలా అన్నారో అప్పుడు అడగడం మర్చిపోయాను.

ల్యాబ్‌మాస్టారు
జూన్ 16, రాత్రి 8:50

ఈ అంకెలను జంటలుగా చదవాలమ్మా. కార్టిసాల్ 1.9కి పడిపోయిందంటే ఏసీటీహెచ్ వందల్లోకి ఎగబాకాలి. 11 దగ్గర చల్లగా కూర్చుందంటే పిట్యూటరీకి పిలిచే శక్తి లేదు. ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ కూడా అంతే. ముట్టు నిజంగా వయసుతో ఆగిపోయి ఉంటే ఎఫ్‌ఎస్‌హెచ్ 30, 40 దాటేది. 3.1 ఉందంటే అండాశయాలను అడిగేవాళ్లే లేరు. మూడు జంటల్లోనూ ఒకే తీరు. నా సర్వీసులో ఇంత స్పష్టమైన కాగితం అరుదుగా చూశాను.

అనంత_రాగి
జూన్ 17, ఉదయం 10:05

నాది దీనికి రెండో వైపు, అందుకే చెప్తున్నాను. నాది అడిసన్స్. అడ్రినల్ గ్రంథులే చెడిపోయాయి, టీబీ వల్ల. నా ఏసీటీహెచ్ 900 దాటింది. చర్మం నల్లబడింది. చేతి గీతలు, చిగుళ్లు, నాలుక మీద మచ్చలు. ఎండలో పనిచేస్తాను కదా, ఎవరూ పట్టించుకోలేదు. నాలుక మీద ఎండ పడదు కదా అని ఒక నర్సమ్మ అనడంతో బయటపడింది. నాకు పొటాషియం కూడా పెరిగింది, ఒంట్లో ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా వాడాలి. పిట్యూటరీ కేసుల్లో మనిషి నల్లబడరు, పాలిపోతారు. పొటాషియం పెరగదు. మీ అమ్మగారు తెల్లగా పాలిపోయి ఉంటారు కదా?

మల్లెతీగ
జూన్ 17, ఉదయం 11:30

అవునన్నా. రక్తం లేదు, రక్తం లేదు అని ఇన్నేళ్లు ఐరన్ మింగించింది ఆ తెలుపు చూసే.

ఇంకో మాట. హైడ్రోకార్టిసోన్ వేసి ఈ రోజు రెండో ఉదయం. ఆరింటికి లేచి చూస్తే అమ్మ నా రూమ్ ఊడ్చేసి, టీ పెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఒంట్లో ఏదో దిగిపోయినట్టుంది" అంది. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు ఏడ్చాను.

పాలమూరు_పిల్ల
జూన్ 17, ఉదయం 11:41

అక్కా, నాకూ కన్నీళ్లు ఆగడం లేదు.

గోదారిగట్టు
జూన్ 17, మధ్యాహ్నం 12:20

చాలా సంతోషం చెల్లెమ్మా. ఇప్పుడు నా పని, తొమ్మిదేళ్ల అనుభవంతో చెప్పాల్సినవి చెప్తాను.

ఈ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. ఒక్కపొద్దులు, ఉపవాసాలు ఉన్నా సరే. జ్వరం వస్తే డోసు రెండింతలో మూడింతలో చేసుకోవాలి, ఎంత అనేది డాక్టర్ దగ్గర ముందే రాయించుకో. వాంతులు అయి మాత్ర నిలవకపోతే ఇంజెక్షనే దారి. హైడ్రోకార్టిసోన్ 100 ఇంజెక్షన్ రెండు సీసాలు, సిరంజీలు ఇంట్లో ఉంచండి. నేను ఊరెళ్తే నా సంచిలో ఉంటుంది. మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎమ్‌కు చూపించి నేర్పించు. తమ్ముడికి కూడా నేర్పించు, 17 ఏళ్లవాడు నేర్చుకోగలడు. పళ్లు పీకించుకున్నా, ఏ ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి. "నాకు కార్టిసాల్ లేదు, స్పృహ తప్పితే హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి" అని తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి కార్డు రాసి, అమ్మ చీర కొంగున కట్టుకునే పర్సులో పెట్టు.

మల్లెతీగ
జూన్ 20, రాత్రి 10:40

ఎమ్మారై వచ్చింది. పిట్యూటరీ ఉండాల్సిన గుంట దాదాపు ఖాళీ అట, నీళ్లే ఉన్నాయట. షీహాన్ అని రాశారు.

తమ్ముడికి విషయం చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా వల్లనేనా?" అని అడిగాడు. అమ్మ వాడి తల మీద చెయ్యి వేసి, "నువ్వు బతికి బయటపడ్డావు, నేనూ బతికి బయటపడ్డాను. మాయ పడకపోతే నువ్వేం చేస్తావురా" అంది. మరుసటి రోజు పొద్దున వాడే ఏఎన్‌ఎమ్ అక్క దగ్గరికి వెళ్లి సూది వేయడం నేర్పమన్నాడు. బత్తాయి మీద నేర్చుకుంటున్నాడు.

మల్లెతీగ
సెప్టెంబర్ 21, సాయంత్రం 7:10

మూడు నెలల తర్వాత రాస్తున్నాను, కొంచెం టెన్షన్‌గా ఉంది. అమ్మ బాగుంది. సోడియం 139. బీపీ 110/70. ఆగస్టులో జ్వరం వస్తే డోసు పెంచాం, ఆస్పత్రి అవసరం రాలేదు. ముట్టు హార్మోన్లు, ఎముకల సంగతి వచ్చే నెల చూస్తామన్నారు.

అయితే మా టౌన్ ల్యాబ్‌లో థైరాయిడ్ చేయిస్తే టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది. ఎర్ర అక్షరాలతో, పక్కన బాణం గుర్తు. మందు ఎక్కువైంది, థైరాక్సిన్ సగం చేయమని అక్కడ చెప్పారు. ఫ్రీ టీ4 1.2. తగ్గించాలా?

ల్యాబ్‌మాస్టారు
సెప్టెంబర్ 21, రాత్రి 7:35

ఏమీ తగ్గించకమ్మా. పిట్యూటరీ లేని మనిషికి థైరాక్సిన్ వేశాక టీఎస్‌హెచ్ అడుగంటడం మామూలే. ఇకనుంచి అమ్మగారికి ఆ అంకెతో పని లేదు. డోసు సరిపోయిందా లేదా అన్నది ఫ్రీ టీ4 చెప్తుంది. 1.2 అంటే చక్కగా ఉంది. ఈసారి నుంచి ఆ రోజు థైరాక్సిన్ వేసుకోకముందే రక్తం ఇప్పించు. హైడ్రోకార్టిసోన్ మాత్రం ఆపకుండా వేసుకోవాలి.

ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు: "పిట్యూటరీ కేసు. టీఎస్‌హెచ్ చూసి మందు మార్చవద్దు."

వైద్యమిత్ర
సెప్టెంబర్ 21, రాత్రి 9:05

మాస్టారి మాటే నా మాట. డోసు అలాగే ఉంచి, వచ్చే నెల ఓపీలో రెండు కాగితాలూ చూపించండి.

మల్లెతీగ
సెప్టెంబర్ 22, ఉదయం 8:20

రాశాను మాస్టారూ, ఎర్ర స్కెచ్‌తో. కింద అమ్మ ఫోన్ నంబర్ కూడా రాద్దామని పిలిస్తే ఇంట్లో లేదు. పత్తి చేలో కలుపు తీసేవాళ్లకు మంచినీళ్లు తీసుకెళ్లిందట, నడుచుకుంటూ.